గీసినది, కాచినది: మర్కూక్ కల్లు కథ

సారా కాస్తారు, బీరు తయారు చేస్తారు, కల్లు మాత్రం గీస్తారు. మా ఊరు మర్కూక్‌లోనే కాదు, తెలంగాణ పల్లెల్లో ఎక్కడ విన్నా ఇదే మాట. కల్లుకు చెట్టు తప్ప వేరే పుట్టుక లేదని ఆ క్రియాపదమే చెబుతుంది. ఇప్పపూల సారా ఆదిలాబాద్ లాంటి అడవుల సరుకు. మాది తాటి, ఈత నేల. అందుకే ఈ ఊరి పాత మద్యం ఏదంటే కల్లే అని చెప్పాలి. నేను ఇక్కడ వాదించేది ఒక్కటే. కల్లు చెడింది గీసే చేతిలో కాదు. చెట్టుకూ తాగేవాడికీ మధ్య వేలంపాట, కంట్రాక్టు, కల్లు డిపో చేరిన తర్వాతే చెడింది. ఈ తేడా పట్టించుకోకుండా రాసిన ఊరి చరిత్రలో గీత కార్మికుడి మీద చేయని నేరం పడుతుంది.

పని తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. తాడి చెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్లకు అటూ ఇటూ పడుతుంది. అంటే తండ్రి కాపాడిన మొక్కను కొడుకు గీయాలి. కల్లు గీసే గౌండ్లాయన మోకుతాడు కట్టుకొని రోజూ పొద్దునా సాయంత్రం చెట్టెక్కుతాడు. గెల కొసను కాగితమంత పల్చగా కోసి లొట్టి, అంటే కుండ, కడతాడు. కోత లోతైతే గెల ఎండిపోతుంది, తక్కువైతే ధార ఆగిపోతుంది. ఆ మధ్య కొలత ఏ పుస్తకంలోనూ లేదు, చేతిలోనే ఉంది. ఈతకు పద్ధతి వేరు. మట్టలు తీసి, తల కింద మొద్దును చెక్కి, అక్కడ గాటు పెడతారు. మరుసటి ఏడు ఎదుటి వైపు చెక్కుతారు. అందుకే ముసలి ఈతచెట్టు మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే అది ఎన్నేళ్లు గీతకు ఇచ్చిందో చెప్పవచ్చు. గౌండ్ల వృత్తికి ఇంతకంటే నమ్మకమైన దస్తావేజు మన ఊళ్లలో లేదు. ఇక పులియడానికి ఏ మందూ అక్కర్లేదు. దిగే రసం తియ్యగా ఉంటుంది. గాలిలోని, పాత లొట్టి గోడల్లోని ఈస్టు కొన్ని గంటల్లోనే దాన్ని కల్లుగా మారుస్తుంది. ఆల్కహాలు నాలుగు నుంచి ఆరు శాతం దాకా వస్తుంది. మర్నాటికి అది పుల్లబడి సిర్కా దారి పడుతుంది. లొట్టికి సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా నిలుస్తుంది. కల్లు నిలవ ఉండదు, కనుక దూరం పోదు. చెట్టు కిందే, ఆ పూటే, తాటిరేకలోనే తాగాలి. ఇది ఊరి సరుకు కావడానికి కారణం ఆచారం కాదు, దాని గుణమే.

మాటలు కూడా ఇదే సాక్ష్యం ఇస్తాయి. కల్లు, గీత, గెల, మట్ట, లొట్టి, మోకు: చెట్టు కింద వినిపించేవి తెలుగు మాటలు. తమిళ, కన్నడ, మలయాళాల్లో కూడా కల్లుకు దాదాపు ఇదే పేరు. ఆబ్కారీ, మాలికానా, కంట్రాక్టు, లైసెన్సు, డిపో: అమ్మకం దగ్గరివన్నీ సర్కారు మాటలు. నిజాం కాలంలో భూమిశిస్తు తర్వాత ఖజానాకు పెద్ద ఆధారం ఆబ్కారీయే. 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు రైతు గట్టు మీద ఉన్నా గీసే హక్కును ఇచ్చేది సర్కారు. రైతుకు దక్కేది మాలికానా, గీసేవాడికి కూలి, లాభం పాట పాడినవాడికి. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చినా, చెట్లకు నంబర్లు వేసి రఖం, అంటే చెట్టు పన్ను, వసూలు చేసే ఆలోచన మారలేదు. పాట సొమ్ము ముందే కట్టిన కంట్రాక్టరుకు చెట్టు ఎంత ఇస్తుందో అక్కర్లేదు, తన డబ్బు తిరిగి రావాలి. చెట్టు ఇవ్వలేని కల్లును మందుతో పుట్టించే దారి అక్కడే తెరుచుకుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. థాయిలాండ్‌లో, ముఖ్యంగా పెచ్చబురి ప్రాంతంలో, ఇదే తాడి చెట్టు ఉంది. వాళ్ల భాషలో పంచదారకు ‘నామ్ తాన్’ అని పేరు; మాటకు మాట చూస్తే తాటి నీళ్లు. అక్కడి పల్లెల్లో బియ్యంతో పులియబెట్టే సాతో, కాచే లావ్ ఖావ్ ఉండేవి. 1950 నాటి మద్యం చట్టం ఇంటి తయారీని నేరం చేసింది. 2022 నవంబరులో ఆ నిబంధనలు కొంత సడలాయి. పల్లె చేతిలోని పనిని లైసెన్సు పల్లె బయటి డబ్బున్నవారి పరం చేయడం రెండు చోట్లా జరిగింది.

కల్లైనా సారా అయినా ఇళ్లు కూల్చేదే కదా, దానికి చరిత్ర ఎందుకని అడిగేవారున్నారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. కల్లూ మత్తే, అలవాటైతే కల్లూ నష్టమే. అయితే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది ముఖ్యంగా సర్కారు పాటతో ఊళ్లోకి దిగిన సారా మీద. 1993 అక్టోబరు 1న నిషేధం పడింది కూడా సారా మీదే. ఇక క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రజోలం కలిపిన నీళ్లు పేరుకే కల్లు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో పలువురి ప్రాణాలు తీసింది అలాంటి కల్తీయే. దాన్ని సంప్రదాయమని సమర్థించేవారూ, దాన్ని చూపి గీత వృత్తినే తిట్టేవారూ ఒకే తప్పు చేస్తున్నారు: ఇద్దరూ చెట్టు వైపు చూడడం లేదు. ఎల్లమ్మకు, పోచమ్మకు సాక పోసేది చెట్టు కల్లు, డిపో కల్లు కాదు.

మరో అభ్యంతరం: గౌండ్ల పిల్లలే చెట్టెక్కడం మానేశారు, ఇక నేరం ఎవరిదని. నిజమే, చెట్టు మీది నుంచి పడి చనిపోయినవారు, నడుము విరిగి మంచాన పడ్డవారు ఎందరో. రక్షణ తాళ్ల కిట్లను ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో ఇవ్వడం మొదలైంది 2024లో. అన్ని తరాలు ఆలస్యమయ్యాక మానేశారని నిందించడం న్యాయం కాదు. పైగా ఎక్కడానికి చెట్లు కూడా ఉండాలి. 2020 మే 29న ప్రారంభమైన కొండపోచమ్మ సాగర్ 15 టీఎంసీల జలాశయం. మర్కూక్ పంప్‌హౌస్ నుంచే గోదావరి నీళ్లు అందులోకి ఎక్కాయి. ఆ నీళ్ల మేలు నేను కాదనను. కానీ బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి పొలాలతోపాటు గట్లూ పోయాయి. గట్లు పోతే గట్ల మీది చెట్లూ పోయినట్టే. మిగిలిన పొలాలు ప్లాట్లవుతుంటే ముందు నరికేది గట్టు చెట్టునే. మర్కూక్ పంచాయతీ ఈ చలికాలం ఈత గీత మొదలయ్యేలోపే ఊళ్లో మిగిలిన తాటి, ఈత చెట్లను గట్టు గట్టు తిరిగి లెక్క రాయాలి. ఆ లెక్కలో చెట్టు పక్కన దాన్ని గీసినవారి పేరు కూడా ఉండాలి.