బూడిద దిబ్బలు, ఉలవ గింజలు: అనంతపురం మెట్టనేలలో సేద్యపు ఆరంభము

వ్యవసాయము ఎక్కడ పుట్టినదని అడిగితే మన సెమినరీ విద్యార్థులలో చాలామంది యెరికో పేరో, టిగ్రిసు యూఫ్రటీసు నదుల పేర్లో చెప్పుదురు. పాత నిబంధన చారిత్రక నేపథ్యమును బోధించు పుస్తకములు అక్కడనే ఆరంభమగును గనుక ఇది సహజమే. సుమారు పదివేల సంవత్సరముల క్రితము పశ్చిమాసియా కొండ అంచులలో మనుష్యులు గోధుమలు, యవలు పండించుట మొదలుపెట్టిన మాట నిజము. అయితే లోకమంతటికీ సేద్యము అక్కడి నుండియే పాకినదని, మన మెట్టప్రాంతపు వారు అందరికంటె చివరగా చేయి చాచి దానిని అందుకొన్నారని తలంచుట సరికాదు. చైనాలో వరియు కొర్రయు, మెక్సికోలో మొక్కజొన్నయు వేరుగానే సాగులోనికి వచ్చినవి. మరి మన నేల సంగతి ఏమి? దీనిని కొంచెము వివరముగా పరిశీలింపగోరుచున్నాము.

అనంతపురం ప్రాంతములో ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటుఇటుగా మాత్రమే వాన పడును. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డుకొనును. తూర్పు తీరపు తుఫానులు ఇంత దూరము వచ్చుసరికి బలహీనమగును. 1882 వరకు ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనే ఉండెను. నేడు మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నను, రెండు వైపుల ఎఱ్ఱనేల, నల్లరేగడి, బండరాతి గుట్టలు ఒక్కటే. కాబట్టి బళ్లారి త్రవ్వకములను అనంతపురం చరిత్ర నుండి విడదీసి చదువుటకు వీలులేదు.

ఈ పీఠభూమిలో అక్కడక్కడ పెద్ద బూడిద దిబ్బలు కనబడును. దక్షిణ దక్కనులో ఇట్టివి వందకు పైగా గుర్తింపబడినవి. కొన్నిచోట్ల బూడిద తీవ్రమైన వేడికి కరగి, గాజు చిట్టెమువలె గట్టిపడియున్నది. హంపి దగ్గరనున్న నింబాపురపు దిబ్బను వాలి చితాభస్మమని జనులు చెప్పుకొందురు. రాబర్ట్ సివెల్ అను చరిత్రకారుడు 1899లో వీటిని విజయనగర కాలపు సామూహిక దహనములకు ముడిపెట్టెను. భూగర్భ సర్వే శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రము ఇది కాలిన పశువుల పేడయేనని వాదించెను. (తమిళ బైబిలు అనువాదమునకు పాటుపడిన మిషనరీ పీటర్ పెర్సివల్‌కు ఈయన అల్లుడు. మన సంఘచరిత్ర పుస్తకములలో ఈయనకు ఒక పంక్తి అయినను దక్కలేదు.) 1960 ప్రాంతములో జోయ్‌నర్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో పరీక్షించి ఫుట్ చెప్పినదే నిజమని చూపెను.

1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వినప్పుడు అసలు సంగతి బయటపడెను. అక్కడ చుట్టును కఱ్ఱలు పాతి కట్టిన పశువుల దొడ్డి ఆనవాళ్లు దొరికినవి. లోపలి నేలపై పశువుల గిట్టల ముద్రలు అట్లే నిలిచియున్నవి. ఒక దొడ్డి కాలిపోయిన తరువాత దానిమీదనే మరియొకటి కట్టబడెను, అదియు కాలెను, మరల కట్టబడెను. రేడియోకార్బన్ పరీక్షను బట్టి ఇదంతయు క్రీ.పూ. మూడవ సహస్రాబ్దపు నాటిది. అనంతపురం జిల్లాలోనే, కళ్యాణదుర్గం ప్రాంతమునందలి పాలవాయి దిబ్బను వి. రామిరెడ్డి త్రవ్వి పరిశోధించగా, ఆ గ్రంథము 1976లో హైదరాబాదులో ప్రచురింపబడెను. ఈ జిల్లా పూర్వచరిత్రను చదువగోరువారు మొదట తెరవవలసిన పుస్తకము అదియే.

దిబ్బలు పశువులను గూర్చి చెప్పినవి గాని పంటలను గూర్చి ఎక్కువ చెప్పలేదు. పంటల సంగతి తరువాత తేలినది. త్రవ్విన మట్టిని నీటిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలును. వాటిని సన్నని జల్లెడతో పట్టి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింతురు. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య మొదలగువారు బళ్లారి దగ్గరి సంగనకల్లు, కడప జిల్లా హనుమంతరావుపేట, అనంతపురం జిల్లా వేల్పుమడుగు మొదలైన చోట్ల ఈ పద్ధతిని అనుసరించి, 2001లోను 2004లోను ఫలితములను ప్రకటించిరి. మరల మరల కనబడిన గింజలు నాలుగు: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రజాతికే చెందిన ఒక గడ్డిగింజ. గోధుమలు, యవలు కూడ కొన్నిచోట్ల దొరికినవి గాని అవి తరువాత వచ్చి చేరినవి, కొద్దిపాటివి.

ఈ జాబితాను కొంచెము నిదానముగా చూడవలెను. గోధుమ, యవలు చలికాలపు పంటలు. వానకాలపు మెట్టకు అవి సరిపడవు. పై నాలుగును తొలకరి వానను నమ్ముకొని, త్వరగా పండునవి. వాటి అడవి జాతులు దక్షిణ భారతదేశపు పొడి అడవులలోను, కనుమల అంచులలోను నేటికిని పెరుగుచున్నవి. కావున వీటిని ఇక్కడివారే సాగులోనికి తెచ్చిరని ఫుల్లర్ వాదన. మాకును అది బలమైనదిగానే తోచుచున్నది. అయితే అంతయు ఇక్కడనే పుట్టినదని చెప్పినను అతిశయోక్తియే. గొఱ్ఱె, మేక పశ్చిమాసియా నుండి వచ్చినవి. మూపురపు ఆవును మొదట మచ్చిక చేసినది సింధునదీ ప్రాంతమువారు. మందలు ఉత్తరము నుండి దిగివచ్చినవి, గింజలు ఈ నేలలోనివి. ఈ రెండును కలసిన చోట మన గ్రామజీవనము ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులును. పేడ ఎరువు గదా, సేద్యము చేయువారు దానిని కుప్పపోసి ఏల తగులబెట్టిరి? నేటికిని మన రైతులు గొఱ్ఱెల మందను రాత్రులు తమ పొలములో నిలిపించుకొని, కాపరులకు ధాన్యమో డబ్బో ఇచ్చుదురు. ఆ మంటలు పండుగల నాటి ఆచారములని ఆల్చిన్ తలంచెను. మా అభిప్రాయము వేరు. దిబ్బలలో ఎక్కువ భాగము తొలికాలమువి. గింజలు విస్తారముగా దొరుకునవి తరువాతి కాలపు స్థిరగ్రామములలో. ఎరువు విలువ తెలిసినకొలది మంటలు తగ్గియుండును. కాపరియే క్రమముగా సేద్యగాడాయెను.

ఆదికాండము నాలుగవ అధ్యాయమును బోధించునప్పుడు కాపరికిని సేద్యగానికిని జన్మవైరమున్నట్లు కొందరు వివరించుట వినుచున్నాము. ఇక్కడి త్రవ్వకములలో ఆ వైరము కనబడుట లేదు. ఒకే గ్రామములో ఆవు ఎముకలును, ఉలవ గింజలును, నూరుడు రాళ్లును కలసి దొరుకుచున్నవి. అట్లే కరవు వచ్చిన ప్రతిసారి ఈ జిల్లాను శాపగ్రస్త భూమి అని ప్రసంగపీఠము నుండి పిలుచుట వాడుకయైనది. ఆ మాట వినువారు ఆ సంవత్సరము విత్తనము పోగొట్టుకొన్నవారని మరువరాదు. నాలుగువేల సంవత్సరముల క్రితము ఇక్కడివారు ఈ కొద్దిపాటి వానకు తగిన గింజలనే ఏరుకొని బ్రదికిరి. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధములో ఈ జిల్లాను కమ్మివేసిన వేరుశనగ దక్షిణ అమెరికాది. ఊడలు దిగు వేళకు వాన తప్పితే అది చేతికి రాదు. వాన ఎప్పుడును తక్కువే, మారినది పంట.

ఉలవను మాత్రము నేటికిని, తక్కినవి విత్తుటకు అదను దాటిన తరువాత, ఆఖరి వానకు చల్లుదురు. అండుకొర్ర కూడ కర్ణాటక సరిహద్దు పల్లెలలో పూర్తిగా పోలేదు. దిబ్బలే తరిగిపోవుచున్నవి. రైతులు ఆ బూడిద మట్టిని బండ్లమీద పొలములకు తోలుకొనిరి. సంగనకల్లు, కుప్పగల్లు కొండలను రాతి క్వారీలు చాలవరకు తొలిచివేసినవి.