పుస్తకానికి చిరునామా

గ్రంథాలయమనగానే మన కళ్ళకు కట్టేవి బీరువాలు, పొడుగాటి బల్లలు, గోడమీద "నిశ్శబ్దము" అని వ్రాసిన పలక. ఇవి మూడూ ఉన్నంత మాత్రాన గ్రంథాలయం కానేరదు. అడిగినవారి చేతికి అడిగిన పుస్తకం రావాలి. అట్లు రావాలంటే ఏ పుస్తకం ఎక్కడున్నదో తెలిపే పట్టిక ఉండాలి. మేము రైల్వేలో గుమాస్తా పని చేసేవారము గనుక మాకు తోచిన ఉపమానమే చెబుతాము. పార్సెలు ఎంత విలువైనదైనా, దానిమీది చీటీ ఊడిపోతే గోదాములో ఒక అనామకపు మూటగా పడి ఉంటుంది. దానిని ఎవరూ ఎత్తుకుపోలేదు, అది పాడుకాలేదు. ఐనా సొంతదారుకు అది లేనట్టే. కొంతకాలానికి వేలంపాటకు పోతుంది. మన తెలుగు పుస్తకాలు అనేకం ఇట్లే చీటీలు లేక మూలబడ్డాయి. వాటికి చిరునామా వ్రాసిపెట్టిన కొందరి చరిత్రను సోదరసోదరీమణులకు ఈ పండుగనాడు మనవి చేయదలచాము.

ముందుగా తంజావూరు సంగతి. దక్షిణాదిన తరతరాలుగా స్థిరపడిన మనవారికి అది పరాయి ఊరు కాదు. 17వ శతాబ్దిలో అక్కడి నాయకరాజుల కొలువులో తెలుగు కవిత్వానికే పెద్దపీట. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. చేమకూర వేంకటకవి తన 'విజయవిలాసము'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కుమారుడు విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ వంటి విదుషీమణి వెలిసింది. 1673లో నాయకుల ఏలుబడి అంతరించింది. తరువాత వచ్చిన మరాఠా రాజుల మాతృభాష తెలుగు కాదు. ఐనా వారు ఆ గ్రంథాలను పారవేయలేదు. వారిలో శాహాజీ తానే తెలుగులో యక్షగానాలు రచించాడు. 1798 నుండి 1832 వరకు గద్దెమీద ఉన్న రెండవ శరభోజి కాశీ మొదలైన చోట్ల నుండి వ్రాతప్రతులు సేకరించి, సీమ నుండి అచ్చుపుస్తకాలు కొని, ఆ భాండారాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. సరస్వతీ మహలు అని మనం చెప్పుకొనే గ్రంథాలయం అదే.

ఇన్ని వేల గ్రంథాలున్నా, అక్కడ ఏమున్నదో రాజమందిరానికి వెలుపల తెలిసినవారు తక్కువ. తంజావూరులో జిల్లా జడ్జీగా పనిచేసిన బర్నెల్ దొర అక్కడి సంస్కృత గ్రంథాలకు విషయాలవారీగా సూచిక తయారుచేసి 1880లో లండనులో అచ్చువేయించాడు. దానితో దేశదేశాల పండితులకు ఆ భాండారం జాడ తెలిసింది. 1918లో అది ప్రజల గ్రంథాలయమైంది. అందులో వందల సంఖ్యలో ఉన్న తెలుగు ప్రతులలో కొన్నిటిని తరువాతి కాలంలో గ్రంథాలయంవారే అచ్చువేయించారు. రాజులు దాచిపెట్టడం వల్ల ఆ గ్రంథాలు బ్రతికాయి. పట్టికలు వేసినవారి వల్ల అవి మన చేతికి వచ్చాయి.

బర్నెల్ కంటె ముందే, మన తెలుగు గ్రంథాల కోసం ఇటువంటి పని చేసిన మరొక దొర ఉన్నాడు. ఆయన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. అప్పటికి కావ్యాలు తాళపత్రాలలో, పండితుల ఇళ్ళలో చెల్లాచెదరుగా ఉండేవి. ఒక ప్రతికీ మరొక ప్రతికీ పొంతన ఉండేది కాదు. బ్రౌన్ తన జీతం డబ్బుతో, అది చాలనప్పుడు అప్పు చేసి, పండితులను, లేఖకులను కడపలో తన బంగళాలో పెట్టుకొని, ప్రతులు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆయన చేసిన మేలులో చాలామందికి తెలియనిది మరొకటి ఉన్నది. సెలవు మీద లండనులో ఉన్న రోజుల్లో, అక్కడి కంపెనీ గ్రంథాలయంలో దక్షిణదేశపు వ్రాతప్రతులు అడిగే దిక్కులేక పడి ఉండడం చూసి, వాటిని మదరాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. చీటీ లేని మూటకు మళ్ళీ చిరునామా వ్రాసి సొంత ఊరికి పంపినట్టే గదా ఇది! మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో ఈనాటికీ తెలుగు పరిశోధకులు చూసే ప్రతులలో బ్రౌన్ సేకరణ ముఖ్యమైనది.

ఇంతవరకు చెప్పినది వ్రాతప్రతుల సంగతి. అచ్చుపుస్తకాలు వేలకు వేలుగా పెరిగిన తరువాత, ఒక పండితుడో ఒక దొరో పూనుకుంటే తీరే పని కాదది. దానికొక శాస్త్రమే కావలసివచ్చింది. ఆ శాస్త్రాన్ని మన దేశంలో నిలబెట్టినవారు తంజావూరు జిల్లా శీయాళిలో 1892లో పుట్టిన తమిళ సోదరులు ఎస్. ఆర్. రంగనాథన్‌గారు. ఆయన లెక్కల అధ్యాపకుడు. 1924 జనవరిలో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరారు. పట్టుమని కొన్నాళ్ళు కాకముందే ఆ పనిలో విసుగు పుట్టి కాలేజీకి తిరిగి పోతానన్నారట. ముందు సీమకు వెళ్ళి చూసి రమ్మని పెద్దలు నచ్చచెప్పారు. లండనులో గ్రంథాలయ విద్య నేర్చి, ఆ దేశంలో వందకు పైగా గ్రంథాలయాలు తిరిగి చూసిన తరువాత ఆయన మనసు మారిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక అంగడిలో పిల్లల ఆటవస్తువు ఆయన కంటబడింది. అది మెకానో పెట్టె. అవే ఇనుప పలకలు, అవే మరలు. బిగించే తీరును బట్టి ఒకమారు వంతెన, ఒకమారు బండి తయారవుతుంది. పుస్తకాల విషయాలను కూడ ఇట్లే చిన్న చిన్న భాగాలుగా విడదీసి, కావలసినట్లు కలిపి సంఖ్య వేయవచ్చునని ఆయనకు తోచింది. ఒకే ఇంజను వెనుక కావలసిన వ్యాగన్లను కావలసిన వరుసలో తగిలించినట్లే ఇది. ఆ పద్ధతిని కోలన్ వర్గీకరణ పేరుతో 1933లో ప్రచురించారు. అంతకు రెండేళ్ళ ముందు, 1931లో, గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. మాకు బోధపడిన సారాంశం ఇది: పుస్తకం ఉన్నది చదవడానికే గాని దాచడానికి కాదు, చదువరి ఎవరైనా అతనికి తగిన పుస్తకం దొరకాలి, ఏ పుస్తకానికైనా ఎక్కడో ఒక చదువరి ఉంటాడు, అతనిని దాని దగ్గరకు చేర్చాలి, చదువరి కాలం వృథా కారాదు, గ్రంథాలయం ఎదిగే బిడ్డ వంటిది, ఎదగడానికి చోటివ్వాలి.

వీటిలో మూడవది మనబోటి ప్రవాసులకు మరీ ముఖ్యమని మా మనవి. తెలుగుదేశంలో తెలుగు పుస్తకానికి చదువరి తనంతట తానే వస్తాడు. అక్కడ 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెలసి ఊరూరా చదువరులను తయారుచేసింది. ఇక్కడ అట్లు కాదు. పుస్తకానికి చదువరిని మనమే వెతికి తేవాలి.

అచ్చైన పుస్తకం మరుగున పడకుండా చట్టం కూడ కొంత చేసింది. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చుకూటాలవారు ప్రతి పుస్తకం ప్రతులను ప్రభుత్వానికి పంపవలసి ఉండేది. మూడు నెలలకొకమారు వాటి పట్టిక గెజెట్టులో వచ్చేది. పేరు, రచయిత, భాష, పుటలు, వెల, ఎన్ని ప్రతులు వేశారు అన్న వివరాలన్నీ అందులో ఉండేవి. ఈనాడు ఒక్క ప్రతీ దొరకని పుస్తకాలు కూడ ఒకప్పుడు ఉండేవని ఆ పట్టికల వల్లనే తెలుస్తున్నది. స్వతంత్రం వచ్చిన తరువాత 1954లో మరొక చట్టం చేశారు. దాని ప్రకారం ప్రచురణకర్త ముప్పది దినాలలో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. ఆ మూడింటిలో 1896లో తెరచిన మదరాసు కన్నెమరా గ్రంథాలయం ఒకటి.

ఇక మన కాలపు వింత ఇంటర్నెట్టు. 1996లో అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ పుట్టింది. ఆ తరువాత చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే పథకానికి పూనుకున్నారు. మన దేశంలో బెంగుళూరు విజ్ఞానసంస్థ ఆ భారం వహించింది. వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలు ఎవరైనా ఇంట కూర్చొని చదువుకొనేటట్లు వచ్చాయి. ఐతే ఇక్కడా పాత చిక్కే ఎదురైంది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరికి తోచినట్లు వారు వ్రాశారు. ఒకే పుస్తకం రెండు మూడు రూపాలలో కనబడేది. కొన్ని ఎంత వెతికినా దొరికేవి కావు. తెలుగు వికీపీడియాలో పనిచేసే ఔత్సాహికులు కూర్చొని, ఆ పేర్లను తెలుగు లిపిలో సరిచేసి పట్టికలు కట్టారు. బ్రౌన్ బంగళాలో పండితులు చేసిన పని వంటిదే ఇది.

ఇంత చరిత్ర చెప్పడానికి కారణం ఉన్నది. షోలాపురంలో మగ్గాలు నేసిన పద్మశాలీలు, బొంబాయి కామాటిపురంలో ఇళ్ళు కట్టిన కూలీలు, కోలారు గనులలోకి దిగిన కుటుంబాలు, బరంపురంలో, యానాంలో మన భాషను నిలుపుకొన్న పెద్దలు - వీరి కథ పెద్ద చరిత్ర గ్రంథాలలో వెతికినా కొంచెమే దొరుకుతుంది. అది మన సంఘాలు ఏటేటా వేసే ఇటువంటి ఉగాది సంచికలలో ఉన్నది. ఈ సంచికలు అంగడిలో అమ్మే సరుకు కావు. పండుగ పందిరిలో పంచుతాము, ఇంటికి తీసుకుపోతాము, మరుసటి ఏడు పాత కాగితాలతో పోతాయి. పదేళ్ళ క్రిందటి సంచిక కావాలంటే ఎవరి ఇంటిలో ఉన్నదో చెప్పగలవారు మనలో ఎందరు?

ఇంటిపెద్దలు పోయిన తరువాత వారి ట్రంకుపెట్టెలలోని తెలుగు పుస్తకాల గతీ ఇంతే. లిపి రాని పిల్లలకు ఆ పుస్తకాలన్నీ ఒక్కలాగే కనబడతాయి. భారతమూ, పాత పంచాంగమూ ఒకే కట్టలో తూకానికి పోతాయి. అది పిల్లల తప్పు అనలేము. చీటీ అంటించవలసినవారము మనము.

కనుక ఈ ఉగాదికి ప్రతి ఇల్లూ ఒక చిన్న పని పెట్టుకోవాలని మా ప్రార్థన. నలభై పుటల నోటుబుక్కు ఒకటి చాలు. ఇంటిలోని తెలుగు పుస్తకాల పేరు, రచయిత, అచ్చైన ఊరు, సంవత్సరం తెలుగులో వ్రాయాలి. పిల్లల కోసం ప్రక్కనే వారికి వచ్చిన లిపిలో కూడ వ్రాసి, పుస్తకం దేనిని గురించినదో ఒక ముక్క చేర్చాలి. పిల్లలనే ప్రక్కన కూర్చోబెట్టుకొని వ్రాయిస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ఆ పట్టికల నకళ్ళన్నీ సంఘం బీరువాలో ఒకచోట ఉంచాలి. పాత సంచికలు ఉన్నవారు ఒక్కొక్క ప్రతి సంఘానికి ఇవ్వాలి. ఈ ఏటి సంచికను కలకత్తాకు, కన్నెమరాకు తపాలాలో పంపే భారం కార్యవర్గం వహించాలి. తపాలా ఖర్చు పండుగ పూలమాలల ఖర్చులో పదోవంతు కూడ కాదు.

బీరువా తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో కూడ ఆ నోటుబుక్కు మొదటి పుటలో వ్రాస్తే మరీ మంచిది.