డొల్ల ఎంత కావాలి?

ఎపిఫోన్ కసీనో, గిబ్సన్ ఈఎస్-335. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి ఈ గిటార్లు. తేడా అంతా కడుపులోనే.

ఒకప్పుడు జాజ్ బ్యాండ్‌లో ట్రంపెట్ల హోరు మధ్య గిటార్ వినబడటమే కష్టం. 1936లో గిబ్సన్ ఈఎస్-150 తెచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ దానిమీద సోలోలు వాయించి అందరిచేతా వినిపించుకున్నాడు. కానీ డొల్ల గిటార్‌కి ఓ జబ్బుంది. యాంప్ గట్టిగా పెంచితే ఆ శబ్దానికి పైచెక్క అదిరి, తీగల్ని కదిపి, ఆ కదలిక మళ్లీ యాంప్‌లోకే వెళ్లి ఊళ పెడుతుంది. అదే ఫీడ్‌బ్యాక్.

1958లో వచ్చిన 335 దీనికి మందు: మధ్యలో నిలువునా మేపుల్ దిమ్మ, డొల్ల అటూ ఇటూ మాత్రమే. 1961 నాటి కసీనోలో ఆ దిమ్మ లేదు, అంతా డొల్లే.

బి.బి. కింగ్ దిమ్మ ఉన్నదానివైపే మొగ్గాడు. అదీ చాలక, పైచెక్క రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో ఆయన కోసం గిబ్సన్ చేసిన ‘లూసిల్’ మోడల్‌కి రంధ్రాలే లేవు! జాన్ లెనన్ మాత్రం కసీనోతోనే 1969 జనవరి 30న లండన్‌లో మేడ మీది కచేరీ వాయించాడు.

కొనేముందు రెండిటినీ యాంప్‌కి తగిలించి, వాల్యూమ్ పెంచండి. పెట్టంతా కదిలి పలికే ఆ గొంతు కావాలంటే, దాని ఊళని అరచేత్తో అణచడమూ నేర్చుకోవాలి. అంత ఓపిక లేదా? దిమ్మ ఉన్నదే తీసుకోండి.