రాయచూరు సీమలో తోటసేద్యపు చదువు

రాయచూరు కోటగోడయందు నలువది యడుగులకు మించిన పొడవుగల యొక రాతిపలక గలదు. దానిపై తెనుగు శాసనము చెక్కబడియున్నది. గోన గన్నయరెడ్డి మంత్రియగు విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ మొదలగు దుర్గములను సాధించి రాయచూరున ఈ కోటను కట్టించెనని దాని సారాంశము. ఇది కాకతీయుల కాలమున, క్రీ. శ. 1294 నాటి మాట. అంతటి పలకను దున్నపోతులు పూన్చిన బండిపై తెచ్చుచున్న దృశ్యమును గూడ గోడమీద గీసియుంచిరి. కోట కట్టించినవారి పేర్లు మనకు తెలియును. బండి తోలినవారి పేర్లు తెలియవు. ఈ సీమకు వచ్చిన తెలుగువారిని గూర్చి ముచ్చటించునపుడు మనము దండనాయకులను తలంతుము గాని, ఆ బండివారివలె నేలను నమ్ముకొని బ్రతికిన కర్షకులను అంతగా తలంపము. వారు ఇచట ఏమి నేర్పిరి, ఏమి నేర్చుకొనలేదు, ఇక నేమి నేర్చుకొనవలసియున్నది అను విషయమును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

కృష్ణకు దక్షిణమున, తుంగభద్రకు ఉత్తరమున నున్న ఈ అంతర్వేదికొరకు రాజులు శతాబ్దములపాటు పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన రాయచూరు యుద్ధము మన కందరకును విదితమే. అయినను కర్షకునకు ఈ నేల సులభముగా లొంగినది కాదు. ఇరుప్రక్కల మహానదులు పారుచున్నను నడుమ నేలకు నీరెక్కదు. సాలీనా వర్షము ఆరువందల మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ. కన్నడిగులు ఎరె యనెడి నల్లరేగడిలో జొన్న, ప్రత్తి. మసారి యనెడి ఎర్రనేలలో వేరుసెనగ, సజ్జ పండించుచు జనులు ఆకాశమువంక చూచుచుండిరి. తోట యనునది నుయ్యి యున్నవానికే దక్కెడి భాగ్యము.

విజయనగర ప్రభువులు తుంగభద్రకు అడ్డుకట్టలు వేయించి త్రవ్వించిన కాలువల క్రింద మాత్రము తోటలు వర్ధిల్లెను. ఎడమగట్టున ఆనెగొంది, గంగావతి, బిచ్చాల కాలువలు ఆ వరుసలోనివే. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అంగళ్లలో ద్రాక్ష, దానిమ్మ, నిమ్మ, నారింజ, వంకాయలు సమృద్ధిగా నుండుటను వర్ణించియున్నాడు. కాని ఆ తోటపని బడిలో నేర్పు విద్యగా నుండలేదు. కపిల తోలెడి తండ్రివెంట కుమారుడు, కలుపు తీసెడి తల్లివెంట కుమార్తె నేర్చుకొనిరి. అందుచే నది కొన్ని కుటుంబముల సొత్తుగానే మిగిలెను. జొన్నచేని కాపునకు దాని రహస్యములు తెలియవు.

ఇట్టి సీమకు మన కాలమున పెద్ద మార్పు వచ్చెను. 1945 ఫిబ్రవరి 28వ తేదీన తుంగభద్ర ఎడమగట్టున బేరారు యువరాజు, కుడిగట్టున మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ఆనకట్టకు శంకుస్థాపన గావించిరి. 1953 జూలై 1వ తేదీన నీరు వదలబడెను. ఎడమగట్టు ప్రధానకాలువ 227 కిలోమీటర్ల పొడవున గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములను దాటి రాయచూరువైపు సాగినది. దాని ఆయకట్టు సుమారు 6 లక్షల ఎకరములు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు గద్వాల, అలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకును, తక్కినది మైసూరు రాష్ట్రమునకును చేరినవి. 1997లో గంగావతి, కొప్పళ ప్రాంతములు వేరు జిల్లాగా నేర్పడినవి. పాలనపు సరిహద్దులు మారినను కాలువ యొక్కటియే గనుక, ఈ కథలో వాటి నన్నిటిని కలిపియే చెప్పవలెను.

కాలువతోపాటు కృష్ణా, గోదావరి, గుంటూరు మండలముల నుండి కర్షకులు వచ్చిరి. అట్లు వలసపోవుట వారికి క్రొత్త కాదు. అంతకు పూర్వమే నిజాంసాగరము క్రింద బోధను, వర్ని ప్రాంతములకు మనవారు పోయి స్థిరపడిరి. డెల్టాలో కొద్దిపాటి భూమి విక్రయించి, ఆ ధనముతో ఇచట అంతకు పెక్కురెట్లు భూమి కొనగలుగుటయే ఈ ప్రయాణమునకు ముఖ్యకారణము. ఊరికి దూరముగా పొలములయందే పాకలు వేసికొని నివసించిరి. అవియే క్యాంపులు. నాటి పాకలు నేడు మేడలైనను, ఆ క్యాంపు అను పేరు మాత్రము పోలేదు.

వీరు తెచ్చిన ధనమున కంటె విలువయైనది వీరు తెచ్చిన విద్య. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప మూడు నాలుగు తరములు కాలువక్రింద వరి పండించి సంపాదించిన విద్య అది. నేలను చదును చేయుట, గట్లు పెట్టుట, దమ్ము చేయుట, నారుపోసి నాటుట, తూముకడ నీటిని కొలతగా మళ్లించుట వారికి వెన్నతో పెట్టిన విద్యలు. ఇరుగుపొరుగు కన్నడ కర్షకులు గట్టుమీద నిలిచి చూచి, కూలికి వచ్చి చేసి, తమ పొలములలో ఆచరించి ఆ విద్యను గ్రహించిరి. పట్టాలు లేవు, గురుదక్షిణలు లేవు. వరిమడియే ఈ సీమలో క్రొత్త కర్షకునకు తొలి పాఠశాల యయ్యెను. గంగావతి, సింధనూరులు బియ్యపు వ్యాపారమునకు ప్రసిద్ధికెక్కినవి.

ఇంతవరకు చెప్పినది మనకు గర్వకారణమే. ఇక చెప్పబోవునది ఆత్మవిమర్శ. ఎడమగట్టు కాలువను రూపొందించినవారు దానిని వరికొరకు రూపొందింపలేదు. క్షామపీడితమైన సీమ గనుక నీటిని పలుచగా పరచి, పెక్కుమందికి ఆరుతడి పంటలకు అందజేయవలెననియే వారి తలంపు. వరికి అనుమతింపబడిన భాగము స్వల్పము. కాని కాలువ మొదటిభాగమున వరి నిర్ణయమునకు మించి విస్తరించెను. ఫలితముగా చివరనున్న మాన్వి, రాయచూరు తాలూకాల పొలములకు నీరు చాలకపోయెను. ఏటేట చివరి గ్రామముల రైతులు నీటికై ఆందోళన చేయుట పరిపాటియైనది. ఎక్కువ నీరు నిలిచిన మొదటి పొలములలో చౌడు పేరుకొనెను. ఇందు తెలుగువారిదే తప్పని చెప్పుట న్యాయము కాదు. వరి వేసినవారిలో కన్నడిగులును గలరు. నియమమును అమలుపరుపని యధికారులును గలరు. అయినను ఆ త్రోవ చూపినది మన వరివిద్యయే యని ఒప్పుకొనక తప్పదు.

పైగా జలాశయము మునుపటివలె లేదు. మొదట 133 టి.ఎం.సి.ల నీరు పట్టినది, పూడిక పేరుకొనుటచే 2016 నాటి కొలతలో సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినపుడు ఆయకట్టంతయు గుండెలు చేత పట్టుకొని కూర్చుండెను. తెలుగువాడగు కన్నయ్యనాయుడు మొదలగు నిపుణులు ఉక్కుపలకల నమర్చి ప్రవాహమును నిలువరించిరి. ఒక్క పంటను, ఒక్క కాలువను నమ్ముకొన్న బ్రతుకు ఎంత సన్నని గొలుసుపై వ్రేలాడుచున్నదో ఆ రాత్రి తెలిసివచ్చెను.

అందుచే చిన్నకమతములలో పండ్లు, కూరగాయలు పండించు విద్య నేటి యవసరము. తక్కువ నీటితో కుటుంబమునకు ఏడాది పొడవున చేతిలో డబ్బు మెదలుటకు అది మార్గము. కాని వరి తెలిసినవానికి తోట దానంతట తెలియదు. వరికి నీరు నిలువవలెను. మిరపకు, టమాటాకు, బొప్పాయికి నీరు నిలిచిన వేరు కుళ్లును. నల్లరేగడిలో ఎత్తైన బోదెలు తీసి నాటినగాని వానకాలమున మొక్క దక్కదు. టమాటా నారును తెల్లదోమ నుండి కాపాడుటకు సన్నని వలక్రింద పెంపవలెను. లేనిచో ఆకుముడత తగిలిన నారునే పొలమునకు చేర్చినట్లగును. పండ్లమొక్కకు ఒకనాడు చేసిన పొరపాటు పదియేండ్లు వెన్నాడును. ఈ ప్రాంతములందు దానిమ్మ తోటలను పాడుచేసిన బాక్టీరియా మచ్చతెగులు ఇందుకు నిదర్శనము. రోగమున్న తోటనుండి తెచ్చిన అంట్లే దానిని క్రొత్త తోటలకు మోసికొనిపోయినవి. నీరాపి, ఆకు రాల్చి, కోరిన కాలమున పూత తెప్పించు బహారు పద్ధతి తెలియనివాడు దానిమ్మ నాటినను ఫలము చూడలేడు.

అన్నిటికంటె కష్టమైన పాఠము అంగడి పాఠము. వడ్లు గిడ్డంగిలో నిలువయుంచవచ్చును. ధర వచ్చినపుడు అమ్మవచ్చును. కోసిన టమాటా మరునాటికి ఆగదు. అందరును ఒకేసారి నాటిన అందరును ఒకేసారి నష్టపోదురు. కావున కొద్దికొద్దిగా, పక్షమున కొక మడి చొప్పున విడతలుగా నాటుట, నాలుగైదు రకములు కలిపి వేయుట, కూలి, రవాణా, కమీషను దినదినము పుస్తకమున వ్రాసికొనుట నేర్వవలెను. 1871లో బొంబాయి, మద్రాసు రైలుమార్గములు కలిసికొన్న రాయచూరునకు మార్గముల కొదువ లేదు. లెక్క తెలిసిన కర్షకునకే ఆ మార్గములు ఉపకరించును.

ఈ విద్యను నేర్పు సంస్థలు లేకపోలేదు. 1963లో మైసూరు రాష్ట్రమున తోటల శాఖ ప్రత్యేకముగా నేర్పడినది. దానికి సారథ్యము వహించిన డాక్టరు ఎం. హెచ్. మరిగౌడ జిల్లాలన్నిట ప్రభుత్వ తోటక్షేత్రములను, నర్సరీలను నెలకొల్పి, లాల్‌బాగు విద్యను పల్లెల కందించెను. ఆ శాఖవారు రైతుబిడ్డలకు పదినెలల తోటపని శిక్షణము నిచ్చుచున్నారు. దేశమున తొలి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరిలో వెలసినది. పిమ్మట రాయచూరునకును అట్టి కేంద్రము వచ్చెను. వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో బెంగుళూరునకు, 1986లో ధారవాడకు, 2009లో రాయచూరునకు వచ్చినది. గురువు శిష్యుని యింటికి ఇంత సమీపమునకు వచ్చుటకు నలువదియైదేండ్లు పట్టినదన్నమాట.

అయినను శిక్షణమనగా రెండు దినములు కుర్చీలలో కూర్చుండి ఉపన్యాసము వినుట కాదు. తోట విద్య ఋతువులతో నడచునది. విత్తనము మొదలు విక్రయము వరకు ఒక్క సంవత్సరమైనను అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి చేయవలెను. క్రొత్తవాడు పదిగుంటలతో ఆరంభించుట మేలు. అందు పోగొట్టుకొన్నను ఇల్లు గడచును, నేర్చిన పాఠము మిగులును. కాయగూరల మడులలో నారు నాటుట, కలుపు, కోత స్త్రీల చేతిమీదుగానే సాగుచున్నవి గనుక వారిని విడిచి పురుషులకు మాత్రమే నేర్పిన చదువు సగము చదువు. బోధన కన్నడమున నున్నను మన పిల్లలకు చిక్కు లేదు. వారు కన్నడబడులలో చదివినవారే. తోట, మడి యను మాటలు రెండు భాషలకును సమానములే గదా.

మన క్యాంపులలో చదువుకొన్న యువకులు బెంగుళూరునకు, హైదరాబాదునకు ఉద్యోగములకై పోవుచున్నారు. వారిని నిందింపనక్కర లేదు. ఉన్నవారిలో పదిమంది వరిపొలమున ఎకరమునో రెండెకరములనో తోటకు మరల్చి, అందు మిగిలిన నీరు క్రిందికి పోనిచ్చినచో అది చివరి గ్రామపు కన్నడ రైతునకు మన మీయగల గౌరవము. మొదట మనము నేర్పితిమి, వారు నేర్చుకొనిరి. జొన్న, ప్రత్తి, వేరుసెనగలను తక్కువ తడితో బ్రతికించు నేర్పు వారిది. ఇపుడు ఆ నేర్పును వారినుండి మనము గ్రహించుటకు సిగ్గుపడరాదు. ఏడువందల యేండ్ల నాడు రాయచూరు కోటకు వచ్చిన తెలుగువారు రాతిపలక నెత్తించిరి. నేడు వచ్చి స్థిరపడినవారు ఇరుగుపొరుగువారితో కలిసి ఒక పండ్లతోటను, ఒక కూరమడిని నిలుపగలిగిన చాలును. ఈ నేలపై మన నివాసము సార్థకమగును.