భుజం మీది మచ్చ, గినీపందుల కణితి

సిద్దిపేటలో మా తరంవారి ఎడమ భుజాలపై కనిపించే చిన్న మచ్చ బి.సి.జి. టీకాది. 1948లో మన దేశంలో ఆ టీకా వేయడం మదనపల్లెలో ఆరంభమైంది. క్షయ కోసం వచ్చిన ఈ టీకాకు కాలేయ కేన్సరుతోనూ ఒక పాత చుట్టరికం ఉంది.

1970ల ఆరంభంలో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో బెర్టన్ జ్బార్, హెర్బర్ట్ రాప్ ప్రభృతులు గినీపందులపై ప్రయోగాలు చేశారు. రసాయనంతో పుట్టించిన కాలేయ కేన్సరు కణాలను వాటి చర్మంలో నాటి, కణితి పెరిగాక అందులోకే బతికున్న బి.సి.జి. క్రిములను ఎక్కించారు. క్రిములపై దండెత్తిన రక్షక కణాలు పక్కనున్న కేన్సరునూ వదలలేదు. చాలా జంతువుల్లో కణితులు కరిగిపోయాయి. అలా కోలుకున్నవాటిలో అవే కణాలను మళ్ళీ నాటినా వేళ్ళూనలేదు. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది శరీరానికున్న ఈ జ్ఞాపకమే.

అయితే కణితి చిన్నదై ఉండాలి, క్రిములు దాన్ని నేరుగా తాకాలి. పైగా అది చర్మంలో నాటిన కణితి; మనిషి కాలేయంలో లోతుగా పెరిగే వ్యాధి వేరు. ఆశపడినవారికి ఆ వైద్యం అందలేదు. సూత్రం మాత్రం మూత్రాశయానికి సరిపోయింది. మందు గోడలను తాకుతూ నిలిచే సంచి కదా అది! 1976లో కెనడా వైద్యుడు అల్వరో మొరాలెస్ తొమ్మిదిమంది రోగుల ఫలితాలను ప్రకటించాడు. మూత్రాశయపు పైపొర కేన్సరుకు నేటికీ బి.సి.జి. వాడుతున్నారు.