పరపతి పడితే లాభం

2011 అక్టోబరులో మోర్గాన్ స్టాన్లీ మూడో త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. ఆదాయం 990 కోట్ల డాలర్లు. అందులో 340 కోట్లు ఏ వ్యాపారమూ చేసి సంపాదించినవి కావు. మార్కెట్‌కు ఆ బ్యాంకు మీద నమ్మకం సడలి, దాని బాండ్ల ధర పడింది. ఆ మేరకు అప్పు తగ్గినట్టు లెక్క రాశారు, అంతే.

లెక్క మాత్రం తప్పు కాదు. ఏడాదిలో 110 రూపాయలు తీర్చాల్సిన బాండు ఉందనుకోండి. మార్కెట్ 10 శాతం వడ్డీ అడుగుతుంటే దాని నేటి విలువ 100. కంపెనీ మీద అనుమానం పెరిగి 20 శాతం అడిగితే 91.67. కట్టాల్సింది ఇప్పటికీ 110 రూపాయలే. ఖాతాలో మాత్రం 8 రూపాయల పైచిలుకు లాభం!

ఒకప్పుడు ఈ గొడవ లేదు. అప్పును తెచ్చిన మొత్తానికే పుస్తకాల్లో చూపేవారు. 1980లలో అమెరికా పొదుపు, గృహరుణ సంస్థలు వందల సంఖ్యలో కూలాయి. వడ్డీరేట్లు పెరిగి వాటి ఆస్తుల విలువ కరిగిపోయినా, పుస్తకాల్లో పాత అంకెలే ఉండిపోయాయి. మార్కెట్ విలువలు చూపాలని 1990లో సెక్యూరిటీస్ కమిషన్ అధ్యక్షుడు రిచర్డ్ బ్రీడెన్ పట్టుబట్టారు. ఆ విలువను, అంటే ఫెయిర్ వాల్యూను, ఖాతాల నోట్స్‌లో వెల్లడించాలని 1991లో అక్కడి అకౌంటింగ్ బోర్డు ఆదేశించింది. 1993 నాటి ప్రమాణం కొని ఉంచుకున్న బాండ్లను మూడు తరగతులు చేసింది. సొంత అప్పుల జోలికి మాత్రం వెళ్లలేదు.

అసలు మలుపు 2006, 2007లలో వచ్చిన రెండు ప్రమాణాలది. మొదటి ప్రమాణం ఫెయిర్ వాల్యూకు నిర్వచనమిచ్చి, కొలతకు మూడు అంచెలు పెట్టింది: మార్కెట్లో నేరుగా కనిపించే ధర, పోలిన వాటి ధరలు, సొంత అంచనాలు. కార్పొరేట్ బాండ్లలో చాలా వాటికి రోజుల తరబడి కొనుగోళ్లే ఉండవు. కాబట్టి మొదటి అంచె దొరకడం అరుదు. రెండో ప్రమాణం, కోరుకున్న కంపెనీలు సొంత అప్పునూ ఇలాగే కొలిచేందుకు వీలిచ్చింది. మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం ముదిరి, బ్యాంకుల ఖాతాల్లో ఈ వింత లాభాలు కనిపించసాగాయి.

బాండు కొన్నవాడు నష్టపోతే ఆ మేరకు వాటాదారుడికి కలిసొచ్చినట్టేనని సమర్థించినవాళ్లున్నారు. వాదనలో పస లేకపోలేదు. కానీ ఆ లాభం చేతికి రావాలంటే పడిన ధరకు సొంత బాండ్లను తిరిగి కొనాలి. పరపతి పోయిన కంపెనీకి అందుకు డబ్బెక్కడిది?

2010లో అంతర్జాతీయ అకౌంటింగ్ బోర్డు మధ్యేమార్గం పట్టింది. కొలత ఉంటుంది, అయితే సొంత పరపతి వల్ల వచ్చిన తేడా లాభనష్టాల్లోకి కాకుండా, నికర లాభం కింద విడిగా చూపే ఇతర సమగ్ర ఆదాయంలోకి వెళ్తుంది. అమెరికా 2016లో అదే దారికొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మన పెద్ద కంపెనీలకు అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 109లోనూ ఇదే నియమం. వార్షిక నివేదిక చేతికొస్తే నికర లాభం దగ్గరే ఆగిపోకండి, దాని కింది వరుసలూ చదవండి.