వీపు మీది జింక

1

మన కావ్యాల్లో వేటకు కొదవ లేదు. శాకుంతలం తెర లేచేసరికి దుష్యంతుడు రథమెక్కి లేడి వెంట పడుతుంటాడు. పాండురాజు జింక రూపంలో ఉన్న మునిని కొట్టి శాపం తెచ్చుకుంటాడు. పెద్దన స్వరోచిని వేటకు పంపి పద్యాల మీద పద్యాలు నడిపిస్తాడు. వలలు, కుక్కలు, డేగలు, పరుగులు, గురి - ఒకటేమిటి, అన్నీ వర్ణనకు వస్తాయి. కాని బాణం తగలగానే కవికి ఆ జంతువుతో పని తీరిపోతుంది. దాన్ని ఎవరు ఎత్తారు, ఎవరు మోశారు, పొట్ట ఎవరు చీల్చారు, ఎంత దూరం నడిచారు అన్న ప్రశ్నలు ప్రబంధానికి అక్కరలేదు.

పూర్వకవులు ఈ విషయం బొత్తిగా ఎరగరని కాదు. మారీచుణ్ణి చంపిన రాముడు మరో జింకను కొట్టి, ఆ మాంసం తీసుకుని తొందర తొందరగా వెనక్కి బయలుదేరాడని వాల్మీకి ఒక్క శ్లోకంలో చెప్పాడు. వేటల వల్ల ఒళ్ళు హూనమైపోతున్నదని శాకుంతలం రెండో అంకంలో విదూషకుడు మొత్తుకుంటాడు. శ్రమ గురించిన ఫిర్యాదు నాటకంలో హాస్యగాడి నోట రావడం యాదృచ్ఛికం కాదు. రాజు అలసట వీరం, విదూషకుడి అలసట నవ్వులాట. అడవి తోలినవాళ్ళ అలసటకు అసలు పేరే లేదు.

వేట చరిత్రను గురి దగ్గర మొదలుపెడితే అది వీరుల చరిత్ర అవుతుంది. మోత దగ్గర మొదలుపెడితే జింక ఎవరిది, అడవి ఎవరిది అన్న ప్రశ్న తప్పించుకోవడానికి వీలులేకుండా ఎదురవుతుంది. ఈ వ్యాసం ఆ రెండో దారిన నడిచే ప్రయత్నం.

2

సామాన్యుడు చట్టబద్ధంగా, పెద్ద సంఖ్యలో జింకను వేటాడే దేశాల్లో ముందు చెప్పుకోవలసింది అమెరికా. అక్కడి విస్కాన్సిన్ రాష్ట్రంలో నవంబరు నెలాఖరున తొమ్మిది రోజుల తుపాకి సీజన్ వస్తుంది. ఫ్యాక్టరీ కార్మికుడు, పాడి రైతు, బడిపంతులు అందరూ నారింజరంగు కోటు తొడుక్కుని అడవిలోకి వెళతారు. ఒంటరిగా వెళ్ళిన మనిషి ఒక తెల్లతోక జింకను కొట్టాడనుకుందాం. గురి చూసి పేల్చడం ఒక్క క్షణం. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

దెబ్బ తగిలిన జింక వెంటనే పడదు. తరిమితే ఇంకా దూరం పోతుంది కనుక కొంతసేపు కదలకుండా కూర్చోవాలి. తర్వాత ఆకుల మీద నెత్తురు చుక్కలు చూసుకుంటూ వెళ్ళాలి. దొరికాక, మాంసం చెడకుండా అక్కడికక్కడే పొట్ట కోసి పేగులు, కాలేయం, గుండె తీసెయ్యాలి. దానితో బరువు కొంత తగ్గుతుంది. అయినా ఎదిగిన మగజింక మనిషి బరువుకు తక్కువ తూగదు. నవంబరులో పొద్దు త్వరగా వాలుతుంది. దారి ఎక్కడో మైలు దూరంలో ఉంటుంది.

సినిమాల్లో లాగా జింకను భుజాన వేసుకుని నడవడం అక్కడి అనుభవజ్ఞులు ఒప్పుకోరు. చెట్ల మధ్య కదిలే కొమ్ములు చూసి మరో వేటగాడు కాల్చేయవచ్చు. అందుకే నేల మీద ఈడుస్తారు. ముందుకాళ్ళు మెడకు చేర్చి కట్టి, కొమ్ములకు తాడు వేసి, తల ముందుకు వచ్చేలా లాగుతారు. అలా లాగితే వెంట్రుక వాలు కలిసివస్తుంది. మంచు ఉంటే నయం, చిన్న బల్ల లాంటి బండి మీద జారుతుంది. మంచు లేకపోతే నాలుగడుగులకు ఒకసారి ఆగాలి. ఏడాదంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి ఈ ఈడ్పులో గుండె ఆగి చనిపోయే ప్రమాదముందని డాక్టర్లు హెచ్చరిస్తుంటారు.

ఇదంతా అయ్యాక ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. లైసెన్సు ఉండాలి, కొట్టిన జింకను నమోదు చేయించాలి. 2002లో ఆ రాష్ట్రపు జింకల్లో ఒక మెదడు జబ్బు బయటపడిన తర్వాత, కళేబరాన్ని ఏ హద్దు దాటించవచ్చు, ఏది దాటించకూడదు అన్నదానికి కూడా నిబంధనలు వచ్చాయి. అంటే, చచ్చిన జింకకూ ఇంటికీ మధ్య ఉన్న దారి ఒక్క అడవి దారి మాత్రమే కాదు. అది చట్టం దారి కూడా.

3

ఆ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే అట్లాంటిక్ దాటి ఇంగ్లాండు వెళ్ళాలి. 1066లో ఇంగ్లాండును జయించిన నార్మన్ రాజులు విశాలమైన ప్రాంతాలను రాజుగారి వేట కోసం ప్రత్యేకించారు. ఆ రోజుల్లో అక్కడ 'ఫారెస్టు' అంటే చెట్లున్న చోటు అని కాదు, రాజుగారి వేట చట్టం నడిచే చోటు అని అర్థం. అందులో ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి. జింక పైరు మేస్తే రైతు చూస్తూ ఊరుకోవాలి తప్ప కొట్టకూడదు. జింకను చంపినందుకు కళ్ళు పీకించిన రోజులున్నాయి. 1217లో వచ్చిన అడవుల శాసనం, జింకమాంసం కోసం ఇకపై ఎవరి ప్రాణమూ అవయవమూ తియ్యరాదని చెప్పవలసి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

ఈ చట్టాలను 1598లో జాన్ మాన్‌వుడ్ అనే న్యాయవాది ఒక గ్రంథంగా కూర్చాడు. మనిషి కంటపడిన తీరును బట్టే నేరం రుజువయ్యే సందర్భాలు నాలుగని అందులో ఉంది. విల్లు ఎక్కుపెట్టి నిలబడి ఉండడం మొదటిది. దెబ్బతిన్న జింక వాసన పట్టిన కుక్క వెంట నడవడం రెండోది. చేతికి నెత్తురంటి ఉండడం ఇంకొకటి. మిగిలినది ముఖ్యంగా గమనించదగ్గది - 'వీపుమోత'. జింకను వీపున వేసుకుని పోతూ దొరికితే చాలు, వేరే సాక్ష్యం అక్కరలేదు.

రాజు ఏనాడూ జింకను వీపున మొయ్యడు. ప్రభువు మొయ్యడు. వాళ్ళకు మోసేవాళ్ళుంటారు. కనుక వీపు మీద జింక ఉండడమే ఆ మనిషి దానికి హక్కుదారు కాడనడానికి గుర్తు. శ్రమ చేయడమే నేరానికి సాక్ష్యంగా నిలిచిన చట్టం ఇది. వర్గ స్వభావం ఇంత నగ్నంగా కనిపించే న్యాయసూత్రాలు చరిత్రలో తరచుగా దొరకవు.

శాసనం కాగితం మీద మెత్తబడినా, అయిదు వందల ఏళ్ళ తర్వాత ఉరితాడు తిరిగి వచ్చింది. 1723లో పార్లమెంటు 'బ్లాక్ యాక్ట్' చేసింది. విండ్సర్, హాంప్‌షైర్ అడవుల్లో ముఖాలకు మసి పూసుకుని జింకలను కొట్టిన మనుషుల మీద చేసిన చట్టం అది. దాని కింద యాభైకి పైగా నేరాలకు మరణశిక్ష వేయవచ్చు. ఈ చట్టంలో చాలా భాగం రద్దవడానికి 1823 దాకా పట్టింది. ఈ కథను ఇ. పి. థాంప్సన్ 1975లో 'విగ్స్ అండ్ హంటర్స్' అన్న పుస్తకంలో విప్పి చెప్పాడు. చట్టం పాలకవర్గం చేతి ఆయుధమని చూపించిన ఆ పుస్తకమే, చట్టమన్నది కొన్నిసార్లు పాలకుల చేతులనూ కట్టేస్తుందని ముగియడం వామపక్ష చరిత్రకారుల్లో పెద్ద వాదానికి దారితీసింది. ఆ వాదం జింక విషయంలో మళ్ళీ అవసరమవుతుంది.

4

ఈ జ్ఞాపకాలతోనే ఇంగ్లీషు పేదలు అమెరికాకు వలస వెళ్ళారు. అందుకే 1776 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం, కంచె వెయ్యని భూముల్లో తగిన కాలాల్లో వేటాడే స్వేచ్ఛ ప్రజలకు ఉందని రాసిపెట్టుకుంది. వీపుమోత అక్కడ నేరం కాదు. ఇది చిన్న విజయం కాదు.

ఐతే ఆ స్వేచ్ఛ ఎవరి అడవిలో అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ అడవి స్థానిక తెగలది. 1699 నుంచి 1715 వరకు కరోలినా నుంచి ఇంగ్లాండుకు ఏటా సగటున యాభై వేలకు పైగా జింక తోళ్ళు ఎగుమతి అయ్యాయి. కొట్టినవాళ్ళూ, తోళ్ళు పదును చేసినవాళ్ళూ ఎక్కువగా తెగల ప్రజలే. లాభం ఓడరేవు వర్తకులది. ఆ తర్వాత రైళ్ళు వచ్చాయి, నగరాలు మాంసం అడిగాయి. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి దేశమంతటా కలిపినా జింకలు కొన్ని లక్షలకు మించి మిగల్లేదు. 1900లో వచ్చిన లేసీ చట్టం, దొంగవేట మాంసాన్ని రాష్ట్రాల హద్దులు దాటించి అమ్మడాన్ని నిషేధించింది. రాష్ట్రాలు సీజన్లు కుదించాయి, లైసెన్సులు పెట్టాయి. జింక బతికింది. నేడు ఆ దేశంలో సుమారు మూడు కోట్ల తెల్లతోక జింకలున్నాయని అంచనా.

ఇంతవరకు చెప్పి ఆపితే ఇది జ్ఞానోదయపు కథ. ఆపకూడదు. ఆ సీజన్లు ఎవరికి అనుకూలంగా కుదిరాయో చూడాలి.

న్యూయార్కు రాష్ట్రంలోని ఆదిరాండాక్ కొండలను తీసుకోండి. 1869లో ముర్రే అనే మతగురువు ఆ అడవుల మీద ఒక పుస్తకం రాశాక, నగరాల ధనికులు గుంపులుగా వేటకు వచ్చారు. వారికి స్థానికులు 'గైడు'లయ్యారు. గైడు పడవ నడిపాడు, ఒక చెరువు నుంచి మరో చెరువుకు ఆ పడవను భుజాన మోశాడు, కుక్కలను వదిలి జింకను నీళ్ళలోకి తోలించాడు. దొరగారు పడవలో కూర్చుని పేల్చారు. జింకను ఒడ్డుకు లాగిందీ, కోసిందీ, వండిందీ గైడే. పటంలో కొమ్ముల పక్కన నిలబడింది దొరగారు.

1892లో అక్కడ ప్రభుత్వ పార్కు ఏర్పడింది. దాని హద్దుల లోపలే ధనికులు లక్షల ఎకరాలను సొంత పార్కులుగా, క్లబ్బులుగా చుట్టేశారు. శీతాకాలపు తిండికి జింకను కొట్టుకునే పల్లెవాసి అతిక్రమణదారుడయ్యాడు. 1903లో ఒరాండో డెక్స్‌టర్ అనే పార్కు యజమానిని ఎవరో దారిలో కాల్చి చంపారు. హంతకుడు ఎన్నటికీ దొరకలేదు. ఊరంతా మౌనంగా ఉన్నదంటే ఆ మౌనం వెనుక ఎంత కక్ష పేరుకుందో అర్థం చేసుకోవచ్చు.

దక్షిణాదిలో అంతర్యుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళు వేటాడి, చేపలు పట్టి బతకగలిగితే పత్తి చేలకు కూలికి రారని భూస్వాములు భయపడ్డారు. అక్కడి వేట నిబంధనలు, అతిక్రమణ చట్టాలు పుట్టిన నేపథ్యంలో ఆ భయం కూడా ఉంది. ఇక 1776లో స్వేచ్ఛను రాసుకున్న పెన్సిల్వేనియాయే 1909లో, పౌరసత్వం రాని విదేశీయులు వేటాడరాదనీ, అందుకోసం తుపాకి కూడా ఉంచుకోరాదనీ చట్టం చేసింది. ఆ దెబ్బ గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఇటాలియన్లు తదితర వలస కార్మికుల మీద పడింది. పాట్సోన్ అనే ఇటాలియన్ ఆ చట్టాన్ని సవాలు చేస్తే 1914లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తీర్పు చెప్పింది. ఉదారవాదిగా పేరుపడ్డ న్యాయమూర్తి హోమ్స్ ఆ తీర్పు రాయడం గమనార్హం.

5

అందరికంటె ఎక్కువ నష్టపోయింది తెగలవాళ్ళే. 1868 నాటి ఒప్పందంలో, ఎవరూ ఆక్రమించని ప్రభుత్వ భూముల్లో వేటాడే హక్కు తమదేనని బానక్ తెగవారు రాయించుకున్నారు. 1895లో వయోమింగ్ రాష్ట్రం, జింక జాతిలో పెద్దదైన ఎల్క్‌ను కొట్టినందుకు ఆ తెగవాడైన రేస్‌హార్స్‌ను పట్టుకుంది. ఆ భూమి రాష్ట్రంగా మారగానే ఒప్పందపు హక్కు పోయిందని 1896లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం ఇచ్చినవాళ్ళే కాగితం చెల్లదన్నారు.

అయినా తెగలు ఆ కాగితాన్ని పారెయ్యలేదు. 1837, 1842 ఒప్పందాల్లో భూమిని వదులుకున్నా వేట, చేపల హక్కు నిలుపుకున్న ఓజిబ్వేలు విస్కాన్సిన్ మీద దావా నడిపి 1983లో అప్పీలు కోర్టులో గెలిచారు. గెలిచాక రేవుల దగ్గర తెల్లవాళ్ళ గుంపులు రాళ్ళతో, బూతులతో ఎదురయ్యాయి. వాళ్ళలో చాలామంది తమ సీజను కోసం ఏడాదంతా కాచుకునే సామాన్యులే కావడం ఈ చరిత్రలోని విషాదం. 1999లో మిన్నెసోటాకు చెందిన ఓజిబ్వేల హక్కును సుప్రీంకోర్టు అయిదుగురు - నలుగురు తేడాతో నిలబెట్టింది. 2019లో క్రో తెగవాడైన హెర్రేరా కేసులో, రాష్ట్రం ఏర్పడగానే ఒప్పందపు హక్కు పోతుందన్న 1896 నాటి సూత్రం చెల్లదని అదే కోర్టు చెప్పింది. 123 ఏళ్ళు పట్టింది.

థాంప్సన్ చెప్పిన మాట ఇక్కడ గుర్తుకు రావాలి. చట్టం బలవంతుడి ఆయుధమే, సందేహం లేదు. కాని ఒకసారి అక్షరాల్లోకి వచ్చాక, బలహీనుడు దాన్ని పట్టుకుని నిలబడగలిగితే అది బలవంతుణ్ణీ నిలదీస్తుంది. దానంతటదే నిలదీయదు. మోసేవాడు దాన్ని కూడా మోసుకుంటూ రావాలి.

6

మన దగ్గరి కథ వేరు. మద్రాసు అడవి చట్టం 1882లో వచ్చి, మన్యపు అడవులను రిజర్వులుగా మార్చింది. అడవిలో మేపిన, నరికిన, కోసుకున్న మనిషి అధికారి దయమీద బతకవలసి వచ్చింది. 1922-24 నాటి మన్యం తిరుగుబాటు వెనుక ఆ అడవి కష్టాలున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని 1991 సవరణలతో సామాన్యుడికీ, షికారు దొరకూ ఒకేలాగ వేట మూసేసింది. మిగిలిన కాసిని జింకలను చూస్తే ఆ చట్టాన్ని కాదనలేం. ఐతే కాపాడవలసిన అడవిని ఖాళీ చేసింది దుప్పిని మోసుకుపోయిన గిరిజనుడా, కలపను రైలుకెక్కించిన ప్రభుత్వమా అన్న ప్రశ్న వెయ్యకుండా ఊరుకోనూలేం.

రచయితలకు ఇందులో ఒక పాఠముంది. ధూర్జటి తిన్నణ్ణి తలుచుకోండి. ఆ కథ మన గుండెను పట్టుకునేది అతని విలువిద్య వల్ల కాదు. మాంసం దొప్పలో పట్టుకుని, చేతులు ఖాళీ లేక నీళ్ళు పుక్కిట పట్టి, ఒంటరిగా నడిచి వచ్చిన ఆ రాక వల్ల. వేటను అతను ఇంటికి, తను ఇల్లనుకున్న చోటికి, మోసుకొచ్చాడు. ఆ మోతను ఎంగిలి అన్న శాస్త్రాన్ని కథే ఓడించింది.

గురి గురించి రాసిన కవులు మనకు చాలామంది ఉన్నారు. పొద్దువాలిన అడవిలో తాడు భుజాన వేసుకుని, నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకునే మనిషిని రాసినవాళ్ళు తక్కువ. అతను ఎంత దూరం నడవాలి, ఆ దారికి అడ్డంగా ఎవరు నిలబడ్డారు - ఈ రెండూ తెలియకుండా వేట మీద రాసిన ఏ పద్యమూ, ఏ కథా పూర్తికాదు.